ప్రభుత్వ గిన్నెకు పడ్డ సొట్ట

మన దేశం ఇప్పటివరకు చేసిన యుద్ధాలన్నీ సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఉదయం పదింటికీ సాయంత్రం ఐదింటికీ మధ్యనే జరిగాయి. నడుమ భోజన విరామం కూడా ఉంది. ఈ సంగతి చరిత్ర పుస్తకాల్లో కనపడదు గానీ సైనిక రికార్డుల కార్యాలయంలో ఏ బీరువా తెరిచినా తెలుస్తుంది. ఆదివారం నాడు ఒక్క తూటా పేలినట్టు ఆధారం లేదు. ఆధారం లేనిది జరగదు, జరిగి ఉంటే ఆధారం ఉండేది అనే రెండు సూత్రాల మీద ఆ మూడంతస్తుల భవనం నిలబడి ఉంది. దానికి పునాదులు కూడా వేశారంటారు, కానీ ఆ కాగితం ఇంకా దొరకలేదు.

ఇంత పద్ధతిగా సాగిపోతున్న కార్యాలయంలోకి ఒక ముసలాయన ఆదివారం నాటి యుద్ధాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

వీధిలో ఆయన్ని వంతెన తాత అంటారు. నలభై మూడేళ్ళ కిందట సరిహద్దు నది మీద ఒక వంతెన దగ్గర ఆయన శత్రువును ఆరు గంటలు ఆపాడు. ఆ కథ వీధిలో ప్రతివాళ్ళూ తలా ఇరవైసార్లు విన్నారు కాబట్టి ఎవరూ నమ్మరు. తాత కాస్త మతిమరుపు మనిషి. కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతాడు. కానీ వంతెన కథలో మాత్రం ఒక్క మాట తప్పిపోదు. ఆ కథలో ఆయన ఒంటరిగా లేడు. పక్కన వంటవాడు ఉన్నాడు. పటాలంలో అందరూ అతన్ని గరిటె అని పిలిచేవారు. కాపలా సైనికుడికి మధ్యాహ్నం భోజనం తెచ్చి, గిన్నె కిందపెట్టి, ఇక వెనక్కి వెళ్దామనుకునే సమయానికి అవతలి ఒడ్డు నుంచి కాల్పులు మొదలయ్యాయి. తుపాకీ ఒక్కటే ఉంది. అది తాత దగ్గర ఉంది. గరిటె దగ్గర గిన్నె, దాని మూత, పేరుకు తగ్గట్టు ఒక గరిటె ఉన్నాయి.

"నువ్వు కాల్చవోయ్. జనాన్ని నేను తెస్తా" అన్నాడు గరిటె.

అన్నట్టే తెచ్చాడు. గట్టు వెనక పాకుతూ ఒకచోట గిన్నె వాయించి ఒక గొంతుతో అరిచేవాడు. ఇరవై గజాలు అవతలకి పోయి మూత వాయించి ఇంకో గొంతుతో అరిచేవాడు. తాత బూట్లు విప్పించి, ఇసుక బస్తాల చివర మడమలు బయటికి కనపడేలా పెట్టాడు, అక్కడ మరొకడు బోర్లా పడుకుని ఉన్నట్టు. పొద్దు గుంకే వేళకు మనవాళ్ళు వచ్చి, తొడలో తూటాతో పడి ఉన్న తాతను ఈడ్చుకుపోయారు. గరిటె గట్టు అవతలి కొసన పడిపోయాడు. అతన్ని తేలేకపోయారు.

ఇది జరిగింది ఆదివారం. సోమవారం పొద్దున పది గంటలకు రికార్డు గుమాస్తా సీట్లో కూర్చుని, కర్తవ్యదీక్షతో రెండు పుస్తకాల్లో రెండు వాక్యాలు రాశాడు. తాత సర్వీసు పుస్తకంలో శిక్షల పేజీలో: "స్ట్రెచరు మీద శిబిరానికి వచ్చునపుడు కాళ్ళకు బూట్లు లేవు. ఒక జత పోగొట్టినాడు. మందలించడమైనది." వంటవాడి పుస్తకంలో: "ఆదివారము రాత్రి భోజనము వండలేదు. వంటశాలలో లేడు. పారిపోయినట్లు భావించడమైనది." అప్పట్లో చేతిరాత బాగుండేది. ఇప్పటికీ అక్షరం చెదరలేదు.

వారం తర్వాత సేనాధిపతి స్వయంగా ఆసుపత్రికి వచ్చి, మంచం మీద ఉన్న తాత చొక్కాకు పతకం తగిలించాడు. కాగితం తీసి, ఇద్దరూ కలిసి వంతెనను నిలిపారని, అందులో ఒకడు ప్రాణమిచ్చాడని బిగ్గరగా చదివాడు. ఆ ప్రశంసాపత్రం రికార్డుల కార్యాలయానికి వెళ్ళింది. చేరినట్టు అక్కడి ఆవక రిజిస్టరులో, అంటే వచ్చిన కాగితాల పుస్తకంలో, ఉంది. వచ్చినట్టు రికార్డు ఉంది కనక ఇక కాగితం ఉండవలసిన అవసరం లేదని అది ఎటో పోయింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత పుట్టినప్పుడు ఈ కార్యాలయం ఇంకా కట్టలేదు. ఆ సామెత కట్టినవాళ్ళు ముందుచూపు గలవాళ్ళు.

తాత కాలు బాగయ్యాక, గరిటె వస్తువులు ఇవ్వడానికి అతని ఇంటికి వెళ్ళాడు. వస్తువులంటే ఒక దువ్వెన, రెండు చొక్కాలు. చెల్లెలు తలుపు తీసింది. పోయినవాడి గురించి ఇద్దరూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు, ఆ మాటలు పూర్తికాలేదు, ఏడాది తిరిగేసరికి పెళ్ళి చేసుకున్నారు. అలా గరిటె ఈయనకు బావమరిది అయ్యాడు, అయ్యేసరికి మనిషి లేడు.

మామ్మ (తాత భార్యను వీధిలో అలాగే అంటారు) కుట్టుమిషను మీద ఊరందరి బట్టలూ కుట్టింది. ఊరందరూ ఆమె కుట్టిన బట్టలు తొడుక్కుని, వీధి మలుపు తిరిగాక "పారిపోయినవాడి చెల్లెలు పనితనం బాగుంటుంది" అని మెచ్చుకునేవారు. వాళ్ళ అమ్మ ఆ మాట చెవిన పడుతుండగానే కన్నుమూసింది. తాత వంతెన కథను ఇరవైసార్లు చెప్పింది గొప్ప కోసం కాదు. ఇరవయ్యొకటోసారైనా ఎవరో ఒకరు గరిటె మాట నమ్ముతారేమోనని. కథ చెబుతున్నంతసేపూ వంటింటి గుమ్మంలో ఆమె నిలబడి వింటుంటుందని ఆయనకు తెలుసు.

ఈ ఏడు మామ్మకు డెబ్బై నిండాయి. ఒకరోజు సూదిలో దారం ఎక్కించబోయి, ఎక్కక, ఆపేసింది.

"ఏమండీ, ఇంకెన్నాళ్ళుంటానో. మా అన్నయ్య పారిపోలేదని ఎక్కడో ఒకచోట, ఒక కాగితం మీద చూపించండి. ఇంకేం అడగను."

"అడిగితే ఎవరిస్తారే?"

"అడక్కుండా ఇస్తారా?"

తాత మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు.

కార్యాలయం వరండాలో ఒక బెంచీ ఉంది. దానికి ఒక కాలు పొట్టి. ఆ కాలి కింద "మన వీర సైనికులు, మొదటి సంపుటం" పెట్టారు. తాత దాని మీద నాలుగు రోజులు కూర్చున్నాక సూపరింటెండెంటుగారి దర్శనమైంది. సూపరింటెండెంటుగారు చాలా మర్యాదస్తులు. ఎవరికీ లేదు అని చెప్పరు. ఇంకోటి కావాలి అంటారు.

ముందుగా వంటవాడి తరఫున దరఖాస్తు పెట్టుకోవచ్చా అని తాత అడిగాడు. పారిపోయినవాళ్ళ తరఫున ఇతరులు పెట్టుకోకూడదని, సదరు వ్యక్తి స్వయంగా హాజరై, ఇన్నాళ్ళూ ఎక్కడున్నాడో సంజాయిషీ ఇచ్చుకోవాలని సూపరింటెండెంటుగారు ఓపిగ్గా వివరించారు.

"ఆయన చచ్చిపోయాడు బాబూ."

"అలాగని రికార్డులో లేదండీ. రికార్డు ప్రకారం ఆయన ఇంకా పారిపోతూనే ఉన్నాడు."

తాత నలభై మూడేళ్ళుగా పరిగెడుతున్న బావమరిదిని ఒక్క క్షణం ఊహించుకున్నాడు. నవ్వొచ్చింది, వెంటనే ఆపుకున్నాడు. ఇక మిగిలింది ఒకటే దారి. తన పతకాన్ని తన పుస్తకంలో ఎక్కించమని అడగాలి. పతకం ఎక్కితే ఎందుకిచ్చారో రాయాలి, అది రాస్తే గరిటె పేరు రాయాలి.

"అయితే నా పతకం ఎక్కించండి."

"తప్పకుండా. మీలాంటివాళ్ళకు సేవ చేయడానికే కదండీ మేమున్నది. యుద్ధం ఏ రోజు?"

"ఆదివారం."

సూపరింటెండెంటుగారు పెన్నుకు మూత పెట్టేశారు.

అయినా ఆయన మనసు వెన్న. నియమావళి తీసి చదివారు. ప్రశంసాపత్రం లేనప్పుడు ప్రత్యక్ష సాక్షి ధ్రువీకరణ కావాలి. సాక్షి ఘటన జరిగిన చోటికి రెండు వందల గజాల లోపు ఉండి ఉండాలి. మెలకువగా ఉండి ఉండాలి. దరఖాస్తుదారుకు బంధువు కారాదు. ఆ రోజు మన పటాలం నాలుగు మైళ్ళు వెనక ఉంది. రెండు వందల గజాల లోపు మన మనిషి ఒక్కడే, అతను బావమరిది.

"బావమరిది సాక్ష్యం చెల్లదు. పైగా పరారీలో ఉన్నాడాయె" అన్నారు సూపరింటెండెంటుగారు.

"ఇంకెవరూ లేరు బాబూ. అవతలి ఒడ్డున శత్రువులు తప్ప."

"అయితే వాళ్ళ దగ్గర్నుంచే పట్టుకురండి!" అని నవ్వారు సూపరింటెండెంటుగారు. పక్క సీట్లవాళ్ళు కూడా నవ్వారు. పాము చావకుండా, కర్ర విరగకుండా పని ముగిసినందుకు అందరూ టీ తాగారు.

తాత మాత్రం నవ్వలేదు. సైన్యంలో పైవాడు చెప్పింది వేళాకోళమా, ఆజ్ఞా అని అడిగే అలవాటు ఆయనకు నేర్పలేదు. ఇంటికి వచ్చి, మామ్మ చేత కాగితం మీద గీతలు కొట్టించుకుని, అవతలి దేశపు సైనిక రికార్డుల కార్యాలయానికి ఉత్తరం రాశాడు. యుద్ధం ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు రెండు దేశాలూ ఆటల పోటీలకు పిలుచుకుంటున్నాయి. "అయ్యా, నేను ఫలానా ఆదివారం మిమ్మల్ని వంతెన దాటనివ్వని మనిషిని. క్షేమం. మీరు క్షేమమని తలుస్తాను" అని మొదలుపెట్టాడు.

పదకొండు రోజుల్లో జవాబు వచ్చింది. ఆ దేశం ఎంత క్రూరమైనదో దీన్నిబట్టే గ్రహించవచ్చు. ఒక ముసలాయన్ని వరండాలో నాలుగు రోజులైనా కూర్చోబెట్టకుండా పని చేసిపెట్టేశారు.

ఉత్తరం మన భాషలోనే ఉంది. తాత కళ్ళజోడు నుదుటి మీది నుంచి దించి బిగ్గరగా చదివాడు. మామ్మ మిషను మీద చెయ్యి ఆనించి నిలబడింది.

"మా దినచర్య పుస్తకంలో ఆ తేదీన ఇలా ఉంది. వంతెన వద్ద శత్రువులు సుమారు రెండు వందల మంది అని భావించి ఆరు గంటలు ఆగిపోయాము. సాయంత్రం దాటి చూడగా మమ్మల్ని ఆపింది ముగ్గురేనని తెలిసింది. ఒకరి వద్ద తుపాకీ (అతన్ని మీవాళ్ళు ఈడ్చుకుపోతుండగా చూశాము), ఒకరి వద్ద గిన్నె. మూడో సైనికుడు చివరిదాకా కదలలేదు. దగ్గరికి వెళ్ళి చూడగా అది ఒక జత బూట్లు. గిన్నె పట్టుకున్నతను మరణించాడు. మెడలోని బిళ్ళ ప్రకారం అతని నంబరు నాలుగు వందల పదిహేడు. వంతెన చివర గౌరవంగా ఖననం చేసి వందనం చేశాము. ఆనాటి మా సైనికుల్లో ఒకాయన ఇంకా ఉన్నారు. ఆ గిన్నె మోత ఇప్పటికీ చెవుల్లో ఉందని, అతని కుటుంబానికి తన నమస్కారం తెలపమని కోరారు. బూట్లు మా గోదాములో భద్రంగా ఉన్నాయి. కావాలంటే పంపగలము."

మామ్మ "ఇంకోసారి చదవండి" అంది. తాత చదివాడు. శత్రువు తన బావమరిదికి వందనం చేశాడు, సొంత ఆఫీసు బూట్ల లెక్క రాసుకుంది. ఆయనకు సిగ్గేసింది, ఎవరి తరఫున సిగ్గుపడాలో మాత్రం తెలియలేదు.

ఉత్తరం చూసి సూపరింటెండెంటుగారు నీళ్ళు నమిలారు. సాక్షి రెండు వందల గజాల లోపే ఉన్నాడు. మెలకువగా ఉన్నాడు. బంధువు కాడు. నియమావళి మూడుసార్లు తిరగేసినా ఇంకోటి కావాలి అనడానికి ఇంకోటి దొరకలేదు. తలప్రాణం తోకకు వచ్చి ఆయన ఫైలు డైరెక్టరుగారికి పంపారు. డైరెక్టరుగారు సిబ్బందినంతా హాలులో సమావేశపరచి, తాతను ముందు వరసలో కూర్చోబెట్టి, ప్రసంగించారు.

"ఈ కార్యాలయం వీరులను గౌరవిస్తుంది. గౌరవిస్తుంది కనకనే వాళ్ళను అంత తేలిగ్గా రికార్డుల్లోకి రానివ్వదు. పెద్దాయన ధైర్యాన్ని మేము శంకించడం లేదు. కానీ శత్రువు మన మనిషిని పొగిడాడంటే అందులో ఏదో ఉండే ఉంటుంది. పొగడ్త ఎక్కడిదైనా ఫరవాలేదు, ఆదివారం నాటిది కాకూడదు, అవతలివాళ్ళది కాకూడదు. కావున పతకం ఎక్కించడం కుదరదు. అంతేకాదు, అనుమతి లేకుండా విదేశీ సైనిక కార్యాలయంతో ఉత్తర ప్రత్యుత్తరాలు జరపడం విశ్రాంత సైనికులకు కూడా నేరమే. దీన్ని ఈరోజే, ఇప్పుడే నమోదు చేయాల్సిందిగా ఆదేశిస్తున్నాను."

అందరూ చప్పట్లు కొట్టారు. తాత కూడా అలవాటు కొద్దీ రెండుసార్లు కొట్టి ఆగాడు.

ఆయన్ని సంతకం కోసం రికార్డు గదికి తీసుకెళ్ళారు. అక్కడ ముప్పై ఏళ్ళుగా దుమ్ముకు తుమ్ముతూ పనిచేస్తున్న ఒకావిడ ఉంది. ఆమె ఉత్తరం మొత్తం చదివింది. కార్యాలయంలో దాన్ని చివరిదాకా చదివిన మొదటి మనిషి ఆమే. తుమ్మి, ముక్కు తుడుచుకుని, గొంతు తగ్గించి అంది.

"తాతగారూ, ఈ ఆఫీసులో పతకాల పేజీ తెరవాలంటే ఏడు సంతకాలు కావాలి. శిక్షల పేజీకి తాళమే లేదు. రాసుకున్నవాళ్ళకు రాసుకున్నంత."

"అంటే?"

"నేరానికి ఆధారమైన కాగితాన్ని పొల్లుపోకుండా ఎత్తి రాయాలి. అది అసలైనదేనని డైరెక్టరుగారు సంతకం పెట్టాలి, లేకపోతే నేరం నిలబడదు. అందులో మన సిబ్బంది ఎవరి నంబరు ఉంటే వాళ్ళ పుస్తకంలోనూ ఎక్కించాలి. ఇవన్నీ నేరం ఒప్పుకున్నప్పుడే సుమండీ. ఒప్పుకోకపోతే విచారణ అంటారు, పదేళ్ళు పడుతుంది."

తాత కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నలభై మూడేళ్ళ తర్వాత మొదటిసారి నడుము నిటారుగా నిలిచింది.

"ఒప్పుకుంటున్నానమ్మా! నేరం నాదే. ఒక్క ముక్క వదలకుండా రాయండి. గిన్నె వదలొద్దు, వందనం వదలొద్దు."

ఇంత సహకరించే నేరస్థుణ్ణి సూపరింటెండెంటుగారు తన సర్వీసులో చూడలేదు. సంతోషంగా ఎత్తి రాయించారు. ఉత్తరం అసలైనదేనని డైరెక్టరుగారు ముద్ర వేసి సంతకం పెట్టారు. తర్వాత నాలుగు వందల పదిహేడో నంబరు పుస్తకం బయటికి తీశారు. అక్కడ వచ్చింది చిక్కు. ఒకే మనిషి, ఒకే సాయంత్రం, పాత వాక్యం ప్రకారం పారిపోయాడు, కొత్త వాక్యం ప్రకారం వంతెన మీద ఉన్నాడు. రెండూ ఉంటే తనిఖీవాళ్ళు అభ్యంతరం చెబుతారు. పారిపోయాడనడానికి "భావించడమైనది" అన్న మాట తప్ప ఆధారం లేదు. వంతెన మీద ఉన్నాడనడానికి డైరెక్టరుగారి ముద్ర ఉంది. సూపరింటెండెంటుగారు స్కేలు పెట్టి, ఎర్ర సిరాతో పాత వాక్యాన్ని కొట్టేశారు. వంకర పోకుండా, చక్కగా కొట్టేశారు. ఆ విషయంలో ఆయనకు వంక పెట్టడానికి లేదు.

అయితే ఒక పేజీలో నేరం కొట్టేసి ఖాళీగా వదలడం ఆ కార్యాలయ సంప్రదాయం కాదు. కాబట్టి దాని కింద ఇలా రాశారు: "వంటశాలకు చెందిన ప్రభుత్వ గిన్నెను అనుమతి లేకుండా వంతెన వరకు తీసుకొనిపోయి, ఆరు గంటలు మోగించి, సొట్టలు పడుటకు కారకుడైనందున మందలించడమైనది. వంతెన వద్ద పోరాడుతూ మరణించినందున మందలింపును అతనికి తెలియజేయుట సాధ్యపడలేదు."

రికార్డు గదావిడ ఆ పేజీకి నకలు తీసి, ధ్రువీకరించి, తాత చేతిలో పెట్టింది. పతకాల పేజీ మాత్రం ఇప్పటికీ తెల్లగానే ఉంది. బూట్ల కోసం వేరే ఫైలు తెరిచారు, అది చురుగ్గా సాగుతోంది.

మామ్మ ఆ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తనే చదువుకుంది. "పోరాడుతూ మరణించినందున" అన్న చోట వేలు పెట్టి ఆగింది. తర్వాత పై వరసలోని గిన్నె మాట దగ్గరికి వెళ్ళి ఫక్కున నవ్వింది.

"సొట్టలు పడ్డాయట! చిన్నప్పుడూ అంతేనండీ. ఇంట్లో ఒక్క గిన్నెను సరిగ్గా ఉండనిచ్చేవాడు కాదు. మా అమ్మ నెత్తీ నోరూ కొట్టుకునేది."

నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. తాత కళ్ళజోడు తుడుచుకునే నెపంతో అటు తిరిగాడు. ఆ కాగితానికి చట్రం కట్టించి కుట్టుమిషను పైన గోడకు తగిలించారు.

చూడటానికి వీధంతా వచ్చింది. పక్కింటావిడ మొదలుకొని అందరూ కూడబలుక్కున్నట్టు ఒకే మాట అన్నారు. అతను పారిపోయేవాడు కాదని తమకు మొదటినుంచీ తెలుసట, అననివాళ్ళలో తామే ముందట. తర్వాత కిందికి వంగి మిగతా వాక్యం చదివారు. మలుపు తిరిగాక, "పోనీలే పాపం, కానీ గవర్నమెంటు గిన్నె కదా, అలా పాడు చేయొచ్చా?" అనుకున్నారు. ఇప్పుడు మామ్మను గిన్నె సొట్టబెట్టినవాడి చెల్లెలు అంటున్నారు. ఆ మాట చెవిన పడితే ఆమె మిషను ఆపి, "అవునమ్మా, మా అన్నయ్యే" అంటుంది.

చదువరులైన మీరు అలాంటి మలుపు దగ్గర అలాంటి మాటలు అనే మనుషులు కారని మాకు బాగా తెలుసు. మీ వీధిలో ఎవరిని, ఏమని, ఎన్నేళ్ళుగా పిలుస్తున్నారో మా దగ్గర రికార్డు లేదు. ఆధారం లేదు కనక అలాంటిదేమీ జరగలేదనే రాసుకుంటున్నాం.